లాబ్రడార్ కుక్కని (లాబ్‌ని) డ్రై ఫుడ్ నుంచి పచ్చి మాంసానికి మార్చాలంటే: కొలతలు, క్రమం, మన దగ్గర దొరికే సరుకు

కోట జంక్షన్ (విజయనగరం)

నమస్తే అండీ. మా లాబ్రడార్ మగది, నాలుగేళ్ళు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది, 28 కిలోలు. చెయ్యి వేస్తే పక్కటెముకలు తెలుస్తాయి, పైనుంచి చూస్తే నడుము సన్నంగానే ఉంటుంది. అంచేత బరువు సరిగానే ఉందనుకుంటున్నాను. ఇప్పుడు డ్రై ఫుడ్ రోజుకి 340 గ్రాములు, రెండు పూటలా సగం సగం పెడుతున్నాం. సంచీ మీద 100 గ్రాములకి 350 కిలోక్యాలరీలని రాసుంది.

మార్చాలనుకోవడానికి రెండు కారణాలు. చెవులు తెగ గోక్కుంటుంది, కాలివేళ్ళ సందులు నాకుతూనే ఉంటుంది. మోషన్ కూడా రోజుకి మూడు నాలుగు సార్లు, చాలా ఎక్కువగా అవుతుంది. పచ్చి మాంసం పెడితే రెండూ తగ్గుతాయని అందరూ అంటున్నారు.

రోజుకి ఎంత పెట్టాలి, అందులో ఎముక ఎంత, కార్జం (లివర్) ఎంత? ఒకేసారి మార్చెయ్యాలా, కలుపుతూ పోవాలా? కోడి కొట్టులో ఏ ముక్కలు అడగాలి? వేట మాంసం (మేక, గొర్రె), చేప పెట్టొచ్చా? తేడా చేస్తే ముందు ఏం కనిపిస్తుంది? కొలతలతో చెబితే మేలు.


నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

ముందు దురద సంగతి తేల్చుకోండి, ఎందుకంటే దాని కోసం తిండి మార్చి నిరాశపడేవాళ్ళే ఎక్కువ. మన కోస్తా ఉక్కపోతకి చెవుల్లో, వేళ్ళ సందుల్లో ఈస్ట్ అనే బూజు పెరగడం లాబ్‌లకి మామూలే. చెవిలో గోధుమరంగు గులిమి, పుల్లటి వాసన ఉంటే అది తిండి వల్లే అనుకోవడానికి లేదు. డాక్టరు చెవి నుంచి దూదిపుల్లతో తీసి మైక్రోస్కోపు కింద చూస్తే తెలిసిపోతుంది. పిడుదులు, గోమార్ల మందు గడువు దాటిందేమో కూడా చూసుకోండి. ఇవేవీ కాదు, తిండే అనుకున్నా, కుక్కల్లో ఎలర్జీ తెప్పించేవాటిలో గొడ్డు మాంసం, పాల పదార్థాలు, కోడి మాంసం, గోధుమ ముందు వరసలో ఉంటాయి. మీ డ్రై ఫుడ్‌లో ఉన్నది కోడే అయితే, దాన్ని తీసి పచ్చి కోడి పెడితే దురద ఎందుకు తగ్గుతుంది? ఎలర్జీ తేలాలంటే ఇంతవరకు తినని ఒకే మాంసంతో ఎనిమిది వారాలు వేరే ఏదీ నోట్లో పడకుండా చూడాలి. అది వేరే పని.

మోషన్ సంగతి మాత్రం నిజం. డ్రై ఫుడ్‌లో పిండి పదార్థం, పీచు ఎక్కువ, మాంసంలో దాదాపు అంతా అరిగిపోతుంది. మోషన్ తగ్గుతుంది, గట్టిపడుతుంది.

ఇక కొలతలు. పెద్ద కుక్కకి శరీర బరువులో 2 నుంచి 3 శాతం అంటారు. మీ దానికి 2.5 శాతం, అంటే 700 గ్రాములతో మొదలెట్టండి. 340 గ్రాముల డ్రై ఫుడ్ స్థానంలో 340 గ్రాముల మాంసం పెడితే నెల తిరిగేసరికి ఎముకలు బయటపడతాయి. డ్రై ఫుడ్‌లో తేమ పది శాతం, పచ్చి మాంసంలో 70 శాతం పైమాటే.

ఆ 700లో 80 శాతం కండ, 10 శాతం ఎముక, 5 శాతం కార్జం, 5 శాతం కిడ్నీ లాంటి మరో అవయవం. గుండెకాయ, కందనకాయ అవయవాలు కావు, కండ లెక్కలోకే వస్తాయి. 10 శాతం ఎముక అంటే ఎముకలున్న ముక్కలు 10 శాతం కాదు, ముక్కలోపలి అసలు ఎముక. కోడి మెడలో మూడో వంతుకి కాస్త పైగా ఎముక ఉంటుంది, కోడి కాళ్ళలో పదింట ఆరు పాళ్ళు ఎముకే. కాబట్టి మీకు రోజుకి 70 గ్రాముల ఎముక రావాలంటే మెడలైతే 200 గ్రాములు, కాళ్ళైతే 115 గ్రాములు. మెడలు పెట్టే రోజు పళ్ళెం ఇలా ఉంటుంది: మెడలు 200, ఎముక లేని మాంసం 430 (అందులో గుండెకాయ, కందనకాయ కలిపి 100 దాటకుండా), కార్జం 35, కిడ్నీ 35.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మన కొట్లలో అలవాటుగా ఇచ్చేది స్కిన్‌లెస్. అందులో రొమ్ము ముక్కలే పెడితే కొవ్వు ఉండదు, ఆ 700 గ్రాములకి కూడా 900 కిలోక్యాలరీలు రావు. మీ కుక్క ఇప్పుడు తింటున్నది 1190. తోలుతో ఉన్న తొడ మాంసం వేస్తే సుమారుగా ఆ లెక్క అందుతుంది. అలాగని మొదటి రోజే తోలు వెయ్యకండి. అలవాటు లేని పొట్టకి ఒక్కసారిగా కొవ్వు పడితే విరేచనాలు, ఖర్మ బాగోలేకపోతే పాంక్రియాస్ (క్లోమం) వాపు. మూడో వారం నుంచి కొద్దికొద్దిగా.

మార్పు పది రోజుల్లో. మొదటి మూడు రోజులు డ్రై ఫుడ్ 255, తోలు లేని ఎముక లేని కోడి 175. నాలుగు నుంచి ఆరు రోజులు 170, 350. ఇక్కడ మెడ ఒకటి మొదలెట్టండి. ఏడు నుంచి తొమ్మిది రోజులు 85, 525. పదో రోజు నుంచి మొత్తం మాంసం. కార్జం పదో రోజు తర్వాతే, అదీ 10 గ్రాములతో మొదలెట్టి రెండు వారాల్లో 35కి తేవాలి. ఏ మెట్టు దగ్గర మోషన్ పల్చబడినా ముందుకెళ్ళకుండా అక్కడే ఇంకో రెండు మూడు రోజులు ఆగండి. మొదటి రెండు వారాలు ఒక్క కోడే. వేట, చేప, గుడ్డు అన్నీ ఒకేసారి వేస్తే దేనివల్ల తేడా చేసిందో ఎవరూ చెప్పలేరు. డ్రై ఫుడ్, పచ్చి మాంసం ఒకే గిన్నెలో కలిపితే విషమైపోతుందని వింటుంటాం. దానికి గట్టి ఆధారం లేదు. వాంతి చేసుకుంటే మాత్రం పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టండి.

మోషన్ చూస్తే కొలత ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. తెల్లగా, సుద్దముక్కలా పొడిపొడిగా రాలితే, ముక్కుతూ కూర్చుంటే ఎముక ఎక్కువైంది. మెడలు సగానికి తగ్గించి కండ పెంచండి. నల్లగా, జిగటగా, పల్చగా అయితే కార్జం ఎక్కువైంది. పల్చటి పసుపురంగు అయితే కొవ్వు గానీ, తొందరపాటు గానీ. రక్తం, వరసగా వాంతులు, కడుపు ముడుచుకుని ముందుకాళ్ళు చాపి వంగి నిలబడటం కనిపిస్తే ఇంట్లో ప్రయోగాలు మాని డాక్టరు దగ్గరికి వెళ్ళిపోండి.

ఎముకల విషయంలో రెండే నియమాలు. ఉడికిన ఎముక ఎప్పుడూ వద్దు, బిర్యానీ ఎముకైనా సరే. ఉడికితే పెళుసై సూదుల్లా చీలుతుంది, పేగు చిల్లు పడుతుంది. రెండోది, వేట కాళ్ళ ఎముకలు, దున్న తొడ ఎముకలు వద్దు. బరువు మోసే ఎముక చాలా గట్టి. వాటిని కొరికితే పైదవడ వెనక ఉండే పెద్ద పన్ను పలక పలకగా విరుగుతుంది. బ్రాయిలర్ ఎముక లేతగా ఉంటుంది కాబట్టి అదే మంచిది. గుడ్లు పెట్టడం మానేసిన ముసలి నాటుకోడి ఎముక అలాగ కాదు, గట్టిగా పగులుతుంది. లాబ్‌లు నమలవు, మింగేస్తాయి. మెడ గొంతుకి సరిగ్గా అడ్డం పడే సైజు. సగం గడ్డకట్టినట్టు ఉన్నప్పుడు ఒక కొస చేత్తో పట్టుకుని ఇవ్వండి, రెండో కొస నమలక తప్పదు.

కొట్టులో పొద్దున్నే, తొలి కోతల్లో తీసుకోండి. ‘కుక్కకి’ అంటే కొందరు పేగులు, తలలు, కింద పడ్డ ముక్కలు కలిపి సంచీలో పోసేస్తారు. అది వద్దనండి. పేగుల్లో ఉండేది మొత్తం సూక్ష్మక్రిములే.


గరివిడి రోడ్డు (చీపురుపల్లి)

పైన చెప్పిన కొలతలతో నాకు పేచీ లేదు. ఎముక ఎందుకు కావాలో మాత్రం ఒక మాట చేరుస్తాను, ఎందుకంటే ఎముక మానేసి ఉట్టి కండ పెట్టేవాళ్ళే మన జిల్లాల్లో ఎక్కువ. కండలో ఫాస్ఫరస్ కాల్షియం కంటే పదిహేను ఇరవై రెట్లు ఉంటుంది. కుక్కకి కాల్షియం ఫాస్ఫరస్ కంటే కాస్త ఎక్కువ, 1.2కి 1 చొప్పున ఉండాలి. ఆ లోటు తీర్చుకోడానికి ఒళ్ళు తన ఎముకల్లోంచే కాల్షియం తీస్తుంది. పిల్లల్లో కొన్ని వారాల్లోనే కాళ్ళు వంగిపోతాయి, ఊరికే గెంతినా విరుగుతాయి. పెద్దదాంట్లో నెమ్మదిగా జరుగుతుంది, బయటికి కనబడదు. ఏడాది నిండని పెద్ద జాతి పిల్లలకి ఇంటి లెక్కలతో పచ్చి తిండి అసలు మొదలెట్టొద్దు. వాటికి కాల్షియం తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే.

ఇక అసలు విషయం, పచ్చి కార్జం. మన రాష్ట్రంలో గొర్రెలు, మేకల కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగల్లాంటి తిత్తులు కనబడటం కొత్తేం కాదు. అవి ఎకైనోకోకస్ అనే బుల్లి బద్దెపురుగువి. కుక్క ఆ తిత్తి ఉన్న ముక్కని పచ్చిగా తింటే దాని పేగులో పురుగులు తయారవుతాయి. ఆరేడు వారాల్లో మలంతో గుడ్లు బయటికొస్తాయి. కుక్కకి ఏ ఇబ్బందీ కనబడదు. ఆ గుడ్లు బొచ్చుకి అంటుకుని మన చేతికి, చేతి నుంచి నోటికి వెళితే మనిషి కార్జంలో అవే తిత్తులు పెరుగుతాయి. ఏళ్ళ తరబడి తెలీదు, తెలిశాక చాలాసార్లు ఆపరేషన్ దాకా వెళ్తుంది. అందుకని వేట కార్జం, ఊపిరితిత్తులు, తిత్తులు కనబడినా కనబడకపోయినా, కనీసం అరగంట బాగా మరిగించాకే పెట్టాలి. కోడి కార్జానికి ఈ పురుగు బాధ లేదు.

‘ఫ్రీజర్‌లో పెడితే చచ్చిపోతాయి కదా’ అంటారు. సున్నాకి 20 డిగ్రీల కింద వారం పది రోజులుంచితే కొన్ని పరాన్నజీవులు చస్తాయి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే ఐస్ పెట్టె అంత చలికి వెళ్ళదు. ఇక సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటి బాక్టీరియా ఏ ఫ్రీజర్‌లోనూ చావవు, నిద్రపోతాయంతే. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ వాళ్ళు 2010 నుంచి 2012 దాకా సీలు వేసి అమ్మే పచ్చి పెంపుడు జంతువుల తిండి 196 నమూనాలు పరీక్షిస్తే 15 వాటిలో సాల్మొనెల్లా, 32 వాటిలో లిస్టీరియా దొరికింది. ప్యాకెట్ తిండిలోనే అంతుంటే, మధ్యాహ్నం మూడింటికి బల్ల మీద వేలాడే కోడి సంగతి వేరే చెప్పాలా? కుక్క పొట్ట ఆమ్లం గట్టిదే, చాలాసార్లు దానికి ఏమీ కాదు. కానీ జబ్బు కనబడకుండానే ఆ క్రిమి మలంలో, మూతి మీద ఉంటుంది. అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే పచ్చి తిండి వద్దని విధానంగా చెప్పింది కూడా ప్రధానంగా ఈ కారణానికే.

కాబట్టి నా ప్రశ్న ఇది: ఇంట్లో ఎవరెవరు ఉన్నారు? ఐదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, 65 దాటినవాళ్ళు, కీమోథెరపీలో గానీ స్టెరాయిడ్ల మీద గానీ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే నా సలహా ఒక్కటే, పచ్చిది వద్దు. కుక్కకి ఇదివరకు పాంక్రియాస్ వాపు వచ్చినా, కిడ్నీ జబ్బు ఉన్నా అంతే.

ఎవరూ లేరు, పెట్టి తీరతామంటారా, అయితే ఇవి పాటించండి. ప్రాజిక్వాంటెల్ ఉన్న డీవార్మింగ్ (పేగు పురుగుల) మాత్ర ఆరు వారాలకోసారి. మోతాదు కిలోకి 5 మిల్లీగ్రాములు, మీ దానికి 140. మన మందుల షాపుల్లో దొరికే మూడు మందుల మాత్రల్లో సాధారణంగా ప్రాజిక్వాంటెల్ 50 ఉంటుంది, అంటే మూడు మాత్రలు. స్ట్రిప్ మీద చూసుకుని, డాక్టరుని అడిగి వెయ్యండి. మాంసాన్ని పంపు కింద కడగొద్దు, చిందిన నీళ్ళే వంటగదంతా చేరతాయి. స్టీలు గిన్నె వాడండి, ప్లాస్టిక్ గీతల్లో క్రిములు మిగిలిపోతాయి. తినేది ఇంట్లో చాప మీద కాదు, కడగడానికి వీలైన గచ్చు మీద. 20 నిమిషాల్లో తినకపోతే తీసెయ్యండి, మన మే నెలలో అంత కూడా ఎక్కువే. గడ్డకట్టిన మాంసాన్ని ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వాలి, గట్టు మీద కాదు. పంది మాంసం పచ్చిగా ఎప్పుడూ వద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినట్టు బర్డ్ ఫ్లూ కబురు వింటే ఆ రోజు నుంచే కోడి ఉడికించి పెట్టండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇంకా జాగ్రత్త, ఆ వైరస్ పిల్లుల్ని చంపుతుంది.


బారువ తీరం (సోంపేట)

చేప సంగతి ఎవరూ ఎత్తలేదు, అది చెప్పి పోతాను. ఒమేగా 3 కొవ్వు కోసం మన తీరంలో కవళ్ళని (సార్డిన్ చేపల్ని) మించింది లేదు, చవక కూడా. 28 కిలోల కుక్కకి వారానికి మూడుసార్లు, సారికి 120 గ్రాములు చాలు. కానీ పచ్చివి వద్దు. కవళ్ళలో, నెత్తళ్ళలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది బి1 విటమిన్‌ని విరిచేస్తుంది. రోజూ పచ్చివి పెడితే వారాల్లో తూలడం, మెడ వంగిపోవడం మొదలవుతుంది. ఆవిరి మీద ఐదారు నిమిషాలు ఉడికితే ఆ ఎంజైమ్ పోతుంది. తల, పొట్ట తీసేసి, ఉడికాక నడుం ముల్లు లాగేస్తే చాలు, చిన్న ముళ్ళు వేళ్ళతో నలిగిపోతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట నిషేధం కదా, అప్పుడు మార్కెట్‌లోకి వచ్చేది చాలావరకు ఐసులో మగ్గిందే. కన్ను లోపలికి పోయి, మొప్ప గోధుమరంగుకి తిరిగితే తీసుకోకండి. కానాగంతలు త్వరగా పాడవుతాయి, అలాంటివి తింటే ముఖం ఉబ్బి, దద్దుర్లొస్తాయి. అది ఉడికించినా పోదు. ఎండు చేప అసలు వద్దు, ఉప్పు.

ఇంకొకటి. నెలకి సరిపడా మాంసం ఫ్రీజర్‌లో నింపి పెట్టుకునేవాళ్ళు అక్టోబరు, నవంబరులో ఆ పని చెయ్యకండి. 2014లో హుద్‌హుద్ తుఫానుకి మీ విజయనగరంలో, 2018లో తిత్లీకి మా సోంపేట, పలాస వైపు కరెంటు రోజుల తరబడి లేదు. తలుపు తియ్యకపోతే నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు ఆగుతుంది. ఆ తర్వాత కరిగి మెత్తబడింది కుక్కకి కూడా పనికిరాదు. తుఫాను హెచ్చరిక వస్తే ఒక చిన్న డ్రై ఫుడ్ సంచీ ఇంట్లో ఉంచుకోండి, పచ్చి తిండి ఎంత అలవాటైన కుక్కకైనా.


కోట జంక్షన్ (విజయనగరం)

అందరికీ ధన్యవాదాలు. ముందే చెప్పాల్సింది, ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది, కుక్కని పట్టుకునే తిరుగుతుంది. మా అమ్మగారికి 70 దాటాయి, షుగర్ ఉంది. ఫ్రిజ్ కూడా సింగిల్ డోరే. గరివిడి రోడ్డు గారు చెప్పింది చదివాక పచ్చిది పెట్టే ధైర్యం లేదు. అలాగని డ్రై ఫుడ్‌తోనే ఉండిపోవాలా, లేక అదే మాంసం ఉడికించి పెట్టొచ్చా? ఉడికిన ఎముక వద్దన్నారు కదా, మరి కాల్షియం ఎలాగ? అన్నం పెడితే కుక్కకి అరగదంటారు, నిజమేనా?


గరివిడి రోడ్డు (చీపురుపల్లి)

మంచి నిర్ణయం అండీ. పాప కుక్క మూతి ముద్దుపెట్టుకునే వయసు, అక్కడ రిస్కు తీసుకోవక్కర్లేదు. ఉడికించి పెట్టొచ్చు. మీరు కోరుకున్న చిన్న మోషన్ దీంతో కూడా వస్తుంది.

అన్నం అరగదన్నది నిజం కాదు. మెత్తగా ఉడికిన అన్నం కుక్కకి బాగా అరుగుతుంది. గంజి వార్చకుండా, కాస్త ఎక్కువ నీళ్ళతో మెత్తగా వండండి. అరగనిది గింజ గింజగా ఉన్న సగం ఉడికిన అన్నం. చెడ్డది ఉట్టి పెరుగన్నం మీదే బతకడం.

రోజంతటికి సుమారు 1100 కిలోక్యాలరీలకి లెక్క ఇది, తూకాలన్నీ వండకముందువి. తోలు తీసిన ఎముక లేని కోడి తొడ 350 గ్రాములు, బియ్యం 120, కోడి కార్జం 30, గుడ్డు ఒకటి, గుమ్మడి గానీ బీన్స్ గానీ 100, పొద్దుతిరుగుడు నూనె రెండు టీ స్పూన్లు. కవళ్ళు వారానికి మూడుసార్లు పైన చెప్పినట్టు, ఆ రోజుల్లో కోడి 100 గ్రాములు తగ్గించండి. మాంసం, కార్జం కుక్కర్‌లో రెండు విజిల్స్, ఆ నీళ్ళు పారబొయ్యకుండా అన్నంలో కలిపెయ్యండి, బి విటమిన్లు అందులోకే దిగుతాయి. నూనె, కాల్షియం చల్లారాకే కలపాలి. ఉల్లి, వెల్లుల్లి, కారం, మసాలా ఏవీ పడకూడదు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాల్ని విరిచేస్తాయి, పొడి రూపంలో కూడా. కిస్‌మిస్, ద్రాక్ష కిడ్నీలని దెబ్బతీస్తాయి, ప్రసాదంలో ఉన్న రెండు కిస్‌మిస్‌లైనా ఏరెయ్యండి.

కాల్షియంకి గుడ్డు పెంకు. లోపలి పొర ఉన్నా పర్లేదు. పది నిమిషాలు మరిగించి, ఎండలో బాగా ఎండబెట్టి, పెనం మీద సన్న సెగని వేడిచేసి, మిక్సీలో మైదాలాగ పట్టండి. వేళ్ళ మధ్య గరుకు తగలకూడదు, గరుకుగా ఉంటే సగం అరక్కుండా మలంలో పోతుంది. తలకొట్టిన టీ స్పూనుకి సుమారు 5 గ్రాములకి పైనే వస్తుంది, అందులో కాల్షియం 2 గ్రాములు. మీ దానికి కావాల్సింది రోజుకి గ్రామున్నర, అంటే ముప్పావు స్పూను, దగ్గర దగ్గర 4 గ్రాములు. తూచే మిషన్ కొనండి, మూడు స్పూన్లు వేస్తే మూడింతల బలం రాదు, జింకు ఒంటికి పట్టకుండా పోయి చర్మం పొక్కులేస్తుంది.

ఇక్కడితో అయిపోయిందనుకోకండి. ఈ గిన్నెలో జింకు, రాగి, మాంగనీస్, అయోడిన్, డి, ఇ విటమిన్లు చాలవు. పచ్చి మాంసమైనా ఇదే లోటు, అక్కడ ఎవరూ లెక్కపెట్టరు. ఇంట్లో వండే తిండిలో కలపడానికి కుక్కల కోసం చేసిన విటమిన్, మినరల్ పొడి ఒకటి డాక్టరుతో రాయించుకుని, దాని మీద రాసిన కొలత ప్రకారం రోజూ వెయ్యండి. అందులో కాల్షియం ఉంటే గుడ్డు పెంకు ఆ మేరకు తగ్గించాలి. మనుషుల మల్టీవిటమిన్ వాడకండి, డి విటమిన్ మోతాదు మనిషికి తగ్గట్టుంటుంది, నమిలే రకాల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కుక్క చచ్చిపోతుంది. ఆ పొడి దొరికే వరకు తిండి మార్చొద్దు. అన్నిటికంటే సులువు దారి: డ్రై ఫుడ్ 170 గ్రాములు ఉంచేసి, మిగతా సగం మాత్రం ఈ వంట. అప్పుడు ఖనిజాల్లో సగభాగం డ్రై ఫుడ్‌లోనే వచ్చేస్తుంది, పెంకు పొడి, మినరల్ పొడి రెండూ సగం వేస్తే చాలు. కంగారు లేకుండా మొదలెట్టాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే.

చెవి పరీక్ష మాత్రం వాయిదా వెయ్యకండి. గరివిడి వెటర్నరీ కాలేజీ మీకు అట్టే దూరం కాదు. వెళ్ళేముందు రెండు రోజులు చెవులు కడగొద్దు, కడిగితే చూడ్డానికి ఏమీ మిగలదు.


నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

పాప ఉందని తెలిసుంటే నేనూ పచ్చిది చెప్పేవాణ్ణి కాదు. ఒక్క విషయంలో గరివిడి రోడ్డు గారితో విభేదిస్తాను. ఈ కుక్క దురదకి ఇంకా కారణం తేలలేదు, కాబట్టి మొదటి నెల బియ్యం, కోడి, గుమ్మడి ఈ మూడింటికే పరిమితం చేసి, గుడ్డు, చేప తర్వాత ఒక్కొక్కటీ పది రోజుల తేడాతో కలపండి. కోడికే దురద పెరిగితే అప్పుడు మేక మాంసానికి వెళ్ళొచ్చు, ఎలాగూ ఉడికించేదే. మార్చేటప్పుడు పైన నేను రాసిన పది రోజుల మెట్లే, పచ్చి మాంసం బదులు ఈ వంట.

ఎముక లేదు కాబట్టి పళ్ళ మీద గార త్వరగా పడుతుంది. పచ్చి ఎముకకి బదులు కుక్కల టూత్‌పేస్టుతో రోజూ రెండు నిమిషాలు, బయటివైపు పళ్ళకి మాత్రమే బ్రష్. లోపలివైపు నాలుక చూసుకుంటుంది. మనుషుల పేస్టు వద్దు.

బరువు 15 రోజులకోసారి చూడండి. మీరు మిషన్ ఎక్కి ఒకసారి, దాన్ని ఎత్తుకుని ఒకసారి, తేడా దాని బరువు. అరకిలోకి పైన తగ్గితే బియ్యం, కోడి రెండూ పదో వంతు పెంచండి. పెరిగితే ముందు నూనె, తర్వాత బియ్యం తగ్గించండి. కోడి, మినరల్ పొడి జోలికి వెళ్ళొద్దు. మీ అమ్మగారు చపాతీ ముక్క, బిస్కెట్ ఇస్తుంటే అవి కూడా తూకంలోకి రావాలి. ఆపరేషన్ అయిన లాబ్‌కి రోజుకి రెండు మేరీ బిస్కెట్లన్నా లెక్కలో పడతాయి.